లంబకోణానికి నూరు

గంట మోత ఇంకా చెవుల్లో ఆగనే లేదు. లోపల పరీక్ష రాసే పిల్లలు ఎవరి బల్లల దగ్గర వాళ్ళు కూర్చున్నారో లేదో, బయట బాదంచెట్టు నీడన సిమెంటు అరుగు మీద కృపమ్మ టీచరు కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుందో లేదో, పక్కనే ఉన్న మామగారు లూయిస్, చేతికర్ర మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, తెల్లమీసాల చాటున చిన్న నవ్వు నవ్వి, పెరట్లో కాకరపాదుకి పందిరి వేశాను అన్నంత తేలిగ్గా ఆ మాట అన్నారు.

"నిన్న సాయంత్రం ఆ మిషన్ని సరిచేసేనమ్మా. లంబకోణానికి తొంభై పెట్టి ఉంది. నూరు పెట్టేను."

ఏ మిషను అని అడగబోయింది కృపమ్మ. ఇంట్లో ఉన్న మిషన్లన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. కుట్టుమిషనుకి లంబకోణంతో పనేమిటి, మిక్సీ లేనే లేదు, రేడియోని ఎవరూ మిషను అనరు. ఆయనే అందుకున్నారు.

"అదే, పాప లెక్కల మిషను. ఫ్రాన్సు నుంచి అమ్మన్న తెచ్చిందీ. దాని పుస్తకం మీకెవరికీ చదవడం రాదు కదా, నేను మొదలూ చివరా చదివేను. పైన చిన్న మీట ఉంది, డి, ఆర్, జి అని. డి దగ్గర ఉండిపోయింది. నూరు కొట్టి సైన్ నొక్కితే ఒకటి రావాలా, అక్కర్లేదా? పాయింటు తొమ్మిది ఎనిమిది నాలుగు ఎనిమిదీ అని ఏదో వచ్చింది. కొత్త వస్తువులో అంత తప్పేంటి అనుకున్నాను. మీట జి లోకి జరిపేను. ఠక్కున ఒకటొచ్చింది. పాండిచ్చేరోళ్ళ పరీక్ష కదమ్మా, అక్కడ మన పద్ధతే ఉంటుంది."

కృపమ్మకి గుండె గుభేలుమంది. గుండె గుభేలుమనడం అనేది కథల్లో వాళ్ళకి జరుగుతుందనీ, తనలాంటి లెక్కల టీచర్లకి మహా అయితే కాస్త దడ వస్తుందనీ అనుకునేది ఆవిడ. ఇప్పుడు నిజంగా లోపల ఏదో జారి, అడుగున ఎక్కడో పడి, చప్పుడు చేసింది. అరచేతులు చల్లబడ్డాయి. మే నెల ఎండలో, ఉప్పుగాలికి చెంపలు జిడ్డుకారుతుండగా, అరచేతులు మాత్రం కుండలోంచి తీసినట్టు చల్లగా అయ్యాయి. నూరు. లంబకోణానికి నూరు. పిల్ల చేతిలో ఉన్న ఆ మిషను ఇప్పుడు, ఈ నిమిషాన, లంబకోణం అంటే నూరు అనుకుంటోంది. లోపల ఉన్న ప్రశ్నాపత్రం తొంభై అనుకుంటోంది. ఆ రెండింటి మధ్యా కూర్చుని జోసెఫిన్, తన ఒక్కగానొక్క పిల్ల, ఏమీ తెలియకుండా మీటలు నొక్కుతోంది.

ఎవరైనా నమ్ముతారా? చెప్తే నవ్వుతారు. భూమ్మీద ఏ బడికి పోయినా లంబకోణం తొంభై డిగ్రీలు అని మూడో తరగతి పిల్ల కూడా చెప్తుంది. కానీ యానాంలో, అందులోనూ ఈ ఇంట్లో, తొంభైకి ఎదురు నిలిచే నూరు ఒకటుంది. ఫ్రెంచివాళ్ళు సర్వే చేసేటప్పుడు లంబకోణాన్ని నూరు భాగాలు చేసి ఒక్కో భాగాన్ని గ్రాద్ అనేవారట. పెళ్ళయిన కొత్తలో, భోజనాల దగ్గర, మామగారు ఆ ముచ్చట చెప్పగా వింది. ఫ్రెంచి దొరల హయాంలో ఆయన సర్వే ఆఫీసులో చేసేవారు. దరియాలతిప్ప ఉప్పునేలల మీద ముక్కాలి పీట లాంటిది నిలబెట్టి, దాని మీద పెట్టిన దుర్భిణిలోంచి ఒక కన్ను మూసుకుని చూస్తూ, గట్ల వంకరలన్నీ గ్రాదుల్లో కొలిచి రాసేవారు. నూరుతో ఎంత సుఖమో తెలుసా అమ్మాయ్, తొంభై అన్నది ఎవడో తాగినవాడు పెట్టిన లెక్క, అనేవారు. ఆవిడ నవ్వి ఊరుకునేది. పెద్దవాళ్ళకి ఎవరి పిచ్చి వాళ్ళకి ఆనందం అనుకునేది. ఈ ఊళ్ళో అలాంటివి కొత్తా ఏమన్నానా. పొలిమేర గట్టుకి అవతల ఒక చట్టం, ఇవతల ఒక చట్టం. అవతల ఇంగ్లీషువాళ్ళు చిన్నపిల్లల పెళ్ళిళ్ళు కూడదన్న రోజుల్లో బళ్ళు కట్టుకుని ఇవతలికి వచ్చి మూడుముళ్ళూ వేయించుకుని పోయినవాళ్ళు ఎంతమంది లేరు. అవతల నేరం, ఇవతల శుభకార్యం. పెళ్ళి వయసే గట్టు దాటితే మారిపోయిన ఊళ్ళో లంబకోణం మారకుండా ఉంటుందా. ఫ్రెంచివాళ్ళు వెళ్ళి ముప్ఫై ఏళ్ళు దాటింది, జెండా మారింది, బిళ్ళలు మారాయి, బళ్ళో పాఠాలు మారాయి. మామగారి లంబకోణం మాత్రం మారలేదు. అది నిన్న సాయంత్రం వరండాలో కుర్చీలో కూర్చుని, అద్దాలు ముక్కు చివరికి దించుకుని, గోటితో చిన్న మీటని అటునుంచి ఇటు జరిపింది. అంతే.

"ఏం, మంచి పని కాదూ?" అన్నారాయన. అడగడం కాదు అది, మెప్పుకోసం చూడడం. డెబ్బై ఆరేళ్ళ మనిషి కళ్ళలో పలక చూపించే పిల్లవాడి ఆశ.

"ఆయ్," అంది కృపమ్మ.

ఆ ఒక్క ముక్క ఎలా వచ్చిందో ఆవిడకే తెలీదు. మింగలేక కక్కలేక అంటారే, అలా వచ్చింది. లోపల మాత్రం వేరే మాటలు ఉన్నాయి. ఎవరు ముట్టుకోమన్నారు మిమ్మల్ని. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని, ఎవరడిగారండీ మిమ్మల్ని సరిచెయ్యమని. ఈ మాటలు నాలుక చివరిదాకా వచ్చి, అక్కడ మావయ్యగారూ అన్న పిలుపు అడ్డం పడి, వెనక్కి వెళ్ళిపోయాయి. ఈయన్ని ఆవిడ ఎన్నడూ ఒక్క మాట అనలేదు. అనే పని ఆయన ఎన్నడూ పెట్టలేదు. ఆర్సీఎం కేథలిక్కుల ఇంటికి ప్రొటెస్టెంటు చర్చి పిల్ల కోడలేమిటని రెండు చర్చీల వాళ్ళూ మూతులు తిప్పితే, దేవుడొకడే, ఆయన్ని చూసే కోణాలే వేరు అని నవ్వి కొట్టిపారేసిన మనిషి. పెళ్ళయ్యాక ఉద్యోగం ఎందుకు, అడివిపొలం పిల్లని తెచ్చుకున్నది బడికి పంపడానికా అని భర్త ప్రకాశరావు గునిస్తే, కొడుకుతో మాట్లాడకుండా ఛత్రీ పట్టుకుని, కోడలి వెంట ఈ గేటుదాకా నడిచి వచ్చి, ఈ అరుగు మీదే సాయంత్రం గంట కొట్టేదాకా కూర్చున్న మనిషి. ప్రకాశరావు ఇప్పుడు పాండిచ్చేరిలో ఆఫీసులో ఉండి, మా ఆవిడ టీచరండీ అని చెప్పుకుంటాడట. అదంతా ఈయన పుణ్యం. అలాంటివాడి చేత్తోనే జరగాలా ఇది. పగవాడు చేసి ఉంటే తిట్టుకోవడానికైనా ఉండేది.

అమ్మన్న వచ్చిన రోజు గుర్తొచ్చింది. ఎంతో దూరంలో లేదు ఆ రోజు, మొన్ననే. మామగారి స్నేహితుడి కొడుకు, ఫ్రెంచి పటాలంలో ఉన్నాడు, సెలవు మీద వచ్చి కనకాలపేటలో దిగాడు. తాతయ్యకి సెంటుసీసా, పాపకి ఇది. అక్కడ బళ్ళో పిల్లలు వాడేదే అక్కా, పెద్ద గొప్పదేం కాదు అన్నాడు. పెద్ద గొప్పది కాదట. నల్లటి తొడుగులోంచి పక్కకి జారుతూ బయటికి వచ్చింది. అరచేతికి కాస్త ఎక్కువ, వేళ్ళకి కాస్త తక్కువ. కింద అంకెల మీటలు లావుగా, తెల్లగా. పైన సన్నటి నల్లమీటలు వరసలు వరసలుగా, ఒక్కోదాని మీద తెల్ల అక్షరాలు, దాని నెత్తిన పసుప్పచ్చ అక్షరాలు. పసుప్పచ్చవి కావాలంటే మూలనున్న మీట ముందు నొక్కాలి. అంటే ఒక్క మీటకి రెండు పనులు, బళ్ళో తనకి లెక్కలతోపాటు కుట్టుపని క్లాసు కూడా అంటగట్టినట్టు. సైన్, కాస్, టాన్, లాగ్, వర్గమూలం, పై. పైకి ఒక మీటే ఉంది! ఇరవై రెండు బై ఏడు అని బల్ల గుద్ది చెప్పిన తన ఇన్నేళ్ళ గొంతు అక్కడ ఒక చిన్న మీటలో ఉంది. బజార్లో ఎరువుల కొట్టువాడి కాలిక్యులేటర్లో రెండు, ప్లస్, మూడు, ఇంటూ, నాలుగు అని కొడితే ఇరవై వస్తుంది. ఎందుకంటే అది తొందరపాటుది, ముందు కనబడింది ముందు కూడేస్తుంది. ఇందులో పధ్నాలుగు వచ్చింది. గుణకారం ముందు, కూడిక తర్వాత అని దానికి తెలుసు. ఏడాదంతా నెత్తీ నోరూ కొట్టుకున్నా తొమ్మిదో తరగతి పిల్లలకి ఎక్కనిది ఆ ప్లాస్టిక్ ముక్కకి తెలుసు. కృపమ్మ దాన్ని ముద్దు పెట్టుకోబోయి, అమ్మన్న చూస్తున్నాడని ఆగింది.

తర్వాత వంటింట్లో ఒంటరిగా నిలబడి అసలు పరీక్ష పెట్టింది. ముందు ముప్ఫై కొట్టాలి, తర్వాత సైన్ నొక్కాలి, మనం చదివేదానికి తిరగేసి. ముప్ఫై. సైన్. ఒక్క క్షణం ఆ బూడిదరంగు అద్దం ఖాళీ అయింది, కాకి రెప్ప వేసినట్టు. సున్నా పాయింటు అయిదు. సగం. కృపమ్మకి ఏడుపొచ్చింది. ఎందుకు రావాలి, తెలిసిన సంగతే కదా. అయినా ఎక్కడో సముద్రాలవతల ఎవరో చేసిన వస్తువు, తననెరగనిది, తన భాష రానిది, అడివిపొలం కృపమ్మ చెప్పింది నిజమే అని ఒప్పుకున్నట్టు అనిపించింది. పాపకి ఆ రోజు పడిశం, తుమ్ములు. మర్నాడు కాసేపు కూడికలూ వర్గమూలాలూ కొట్టి ఆడుకుంది, అంతలో పుస్తకం చదివి పెడతానని తాతయ్య తీసుకున్నారు. ఫ్రెంచి పుస్తకం, ఈ ఇంట్లో ఆయనకి తప్ప ఎవరికొస్తుంది. చదవండి అని తనే ఇచ్చింది. చేజేతులా ఇచ్చింది. ఎనభై ఆరు వరదకి నీళ్ళు ఇంట్లోకొచ్చి లాగరితమ్ టేబుల్స్ పుస్తకం నానిపోయి, ఆరబెడితే అప్పడంలా ఉబ్బింది. ఆ పుస్తకమే ఉండి ఉంటే పిల్ల చేతికి అదే ఇచ్చి పంపేది. అందులో తొంభై తొంభైగానే ఉండేది, ఎవరి గోరూ దాన్ని జరపలేదు.

అది మిషను తప్పు కాదు, ఆ సంగతి ఆవిడకి తెలుస్తూనే ఉంది. మీట ఎటుంటే అటు చెప్తుంది. అక్కడి పిల్లలకి డిగ్రీలూ నేర్పుతారట, గ్రాదులూ నేర్పుతారట, అందుకని రెండూ పెట్టారు, మధ్యలో ఇంకోటి కూడా పెట్టారు. కానీ ఆ మీట చీమతల కన్నా చిన్నది. ఆ అక్షరాలు అంతకన్నా చిన్నవి. అద్దం మీద ఒక మూల కూడా జి అని పడుతుందేమో, చూసేవాడికి కనపడుతుంది, చూడాలని తెలిస్తే. అంత పెద్ద సంగతిని అంత చిన్న అక్షరంలో ఎందుకు పెట్టాలి. పట్టాలు మార్చే చోట రైల్వేవాళ్ళు ఎర్రజెండా పెడతారు. వీళ్ళు ఒక్క జి పెట్టారు.

ముప్ఫై గ్రాదులంటే ఎన్ని డిగ్రీలు? నూటికి తొంభై అయితే ముప్ఫైకి ఇరవై ఏడు. సైన్ ఇరవై ఏడు, ఉబ్బిన పుస్తకంలో ఆ పేజీ కళ్ళకి కట్టింది, పాయింటు నాలుగు అయిదు నాలుగు సున్నా. సగం రావలసిన చోట సగానికి తక్కువ. కాస్ అరవై పెరుగుతుంది, టాన్ నలభై అయిదు తరుగుతుంది. దీపస్తంభం ఎత్తు, గోదావరి వెడల్పు, పడవ దూరం, ఈ పరీక్షలో మూడోవంతు అవే ఉంటాయని తనే కదా చెప్పింది. ప్రతి స్తంభమూ కాస్త పొట్టిదవుతుంది, ప్రతి ఏరూ కాస్త సన్నబడుతుంది. పెద్ద తప్పయితే ఎవరికైనా కనబడేది. స్తంభం మైలు ఎత్తని వస్తే పిల్ల నవ్వి మళ్ళీ చేసుకునేది. ఇది అలా కాదు, నమ్మేటట్టు ఉండే తప్పు. యానాం పిల్లలకి పాండిచ్చేరి డిప్లొమాలో సివిల్‌లో ఉన్నది ఒక్కటంటే ఒక్క సీటు. అది రాకపోతే టీచరు ట్రైనింగే. ట్రైనింగు అయ్యాక మళ్ళీ ఈ గేటే, ఈ బాదంచెట్టే, సాయంత్రం ఈ అరుగే. ఇందులో తప్పేం లేదు, తను బతకడం లేదా. కానీ పిల్ల తాతయ్య చెప్పిన ముక్కాలి దుర్భిణి కథలు విని విని, వంతెన కడతానమ్మా, గోదావరి దాటి ఎదుర్లంకకి పోయే పంటు కోసం రేవులో నిలబడే పని లేకుండా నేనే కడతాను అంటుంది. అన్నం తింటూ కంచంలో వేలితో వంతెన గీస్తుంది. ఆ వంతెన ఇప్పుడు ఆ గదిలో, మీట మీద ఉంది.

లేచింది కృపమ్మ. లేచినట్టు ఆవిడకి తెలియలేదు, కాళ్ళు లేచాయి. మెట్ల దగ్గర అటెండరు సుబ్బారావు స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"సుబ్బారావూ, లోపల పాపకి ఒక్క అక్షరం చెప్పాలి."

సుబ్బారావు లేచి నిలబడ్డాడు, గౌరవంగానే. స్టూలు మాత్రం జరపలేదు. "అమ్మగారూ, మీరే కదండీ పొద్దున్న మాకు చెప్పేరు, దేవుడు దిగొచ్చినా గుమ్మం దాటనివ్వద్దని. లోపల పాండిచ్చేరి ఆఫీసరుగారున్నారండి. మాట వినపడిందంటే పాప పేపరు లాగేసుకుంటారండి."

నిజమే. తనే చెప్పింది. తన పిల్ల రాస్తోంది కాబట్టి నాలుగు మాటలు గట్టిగానే చెప్పింది, ఎవరూ వేలెత్తి చూపకూడదని. ఆ అక్షరం డి అని ఇక్కడినుంచి అరిస్తే ఏమవుతుంది? ఒక్క డి. అది జవాబు కాదు, లెక్క కాదు, మిషను మీట. కాని ఆఫీసరుకి తెలుగు రాదు, తనకి అరవం రాదు, లంబకోణానికి నూరు అనే సంగతి ఈ ఎండలో ఎవరికి ఏ భాషలో చెప్పి ఒప్పించగలదు. మా మామగారండీ, ఫ్రెంచివాళ్ళ కాలంలోవారండీ, అని మొదలుపెట్టేసరికే గంట కొట్టేస్తారు. కృపమ్మ వెనక్కి వచ్చి అరుగు మీద కూలబడింది. మామగారు జపమాల తీసి వేళ్ళ మధ్య తిప్పుకుంటున్నారు, పాప కోసమే. ఒక్కో పూసా జరిపే ఆ బొటనవేలి గోరు చూసింది ఆవిడ. పొడుగ్గా, పసుపుపచ్చగా, చివర కాస్త వంగి ఉంది. ఆ గోరే. చూపు తిప్పుకుంది.

అరుగు మీంచి చూస్తే మూడో కిటికీలో ఒక మోచెయ్యి కనబడుతుంది. నీలం జాకెట్టు చెయ్యి, మోచేతి దగ్గర దోమ కుట్టిన మచ్చ. అది జోసెఫిన్‌ది. తక్కిన పిల్లంతా గోడ చాటున ఉంది, బయటికి ఇచ్చింది ఈ మోచెయ్యి ఒక్కటే. దాన్నే చూస్తూ కూర్చుంది కృపమ్మ. మోచెయ్యి కదిలితే రాస్తోంది. కాస్త ముందుకు వంగితే మీటలు నొక్కుతోంది. ప్రభువా, నీకు తెలియనిది లేదు, నువ్వు కొలవనిది లేదు, ఏ లెక్కలో కొలుస్తావో గాని, ఆ పిల్లని ఒక్కసారి ఆ మూలకి చూడనివ్వు. మీట చూడకపోయినా ఫరవాలేదు, జవాబు చూడనివ్వు. ఇంత ఆలోచిస్తోంది గాని అసలు సంగతి మరిచిపోయింది, పిల్లకి సైన్ ముప్ఫై తెలుసు! తెలియడమేమిటి, ఒంట్లో ఉంది. రోజూ పొద్దున్న జడ వేస్తూ మూడు పాయలు చేతిలోకి తీసుకుని తను సైన్ ముప్ఫై అంటే పిల్ల సగం అనేది. కాస్ అరవై అంటే సగం. టాన్ నలభై అయిదు అంటే ఒకటి, అబ్బా లాక్కమ్మా నొప్పి. నిద్రలో లేపి అడిగినా చెప్పేది. ఎవరి పేరు మరిచిపోయినా అది మరిచిపోదు. తను ఎనిమిదేళ్ళుగా ఆ నెత్తి మీద నూనెతోపాటు రాసిన ముక్క అది. ఆ పిల్ల ముప్ఫై కొట్టి సైన్ నొక్కి, అక్కడ సగం కాకుండా ఇంకేదో చూస్తే, చాలు. ఠక్కున పట్టేస్తుంది. ఇదేంటిది, మిషన్లో ఏదో తేడా ఉంది అనుకుంటుంది. మీట దొరికితే సరి, దొరక్కపోతే దాన్ని అవతల పెట్టి చేత్తో చేసుకుంటుంది. చేత్తో చెయ్యడం రానిదా నా పిల్ల.

రేవు వైపునుంచి పంటు కూత వినబడింది. వీధిలో ఎవరో సైకిలు మీద చేపలబుట్ట పెట్టుకుని పోతూ ఉంటే వెనక కాకులు పోతున్నాయి. కృపమ్మ చూపు మోచెయ్యి మీదే ఉంది. అప్పుడు ఆగింది అది.

రాస్తున్న మోచెయ్యి ఉన్నదున్నట్టు ఆగిపోయింది. ముందుకి వంగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ వంగింది. ఆగింది. చూసింది. చూసింది పిల్ల. సగం రాలేదు, పిల్ల చూసింది. ఇప్పుడు దాని మొహం ఎలా ఉంటుందో ఆవిడకి గోడలోంచి కూడా కనబడుతోంది. కనుబొమలు దగ్గరికొస్తాయి, కిందిపెదవి పళ్ళ కిందకి పోతుంది. ఆలోచించు తల్లీ, కంగారు పడకు. నీకు తెలిసిందే నిజం. నీకు తెలిసిందాన్ని గట్టిగా పట్టుకో, అదేదో గాజుముక్క చెప్పిందని వదలకు. మోచెయ్యి అలాగే ఉంది, చాలాసేపు, ఎంతసేపంటే చెట్టు నీడ మామగారి చెప్పుల మీంచి జరిగి నేల మీదకి వచ్చినంతసేపు ఉన్నట్టనిపించింది. తర్వాత ఒక్క విసురు, కలంతో దేన్నో అడ్డంగా కొట్టేసిన విసురు. ఆ వెంటనే మోచెయ్యి కదలడం మొదలుపెట్టింది, మొదటికన్నా వేగంగా, తడుముకోకుండా, తోవ తెలిసిన మనిషి నడకలా.

కొట్టేసింది! తప్పుది కొట్టేసింది! కృపమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. లోపల జారిపోయినదేదో మెల్లగా పైకి వచ్చి తన చోట తను కూర్చుంది. అరచేతులు వెచ్చబడ్డాయి. ఇంత భయం దేనికి పడ్డట్టు, నా పిల్లని నేనే నమ్మకపోతే ఎలా. ప్రభువా నీకు స్తోత్రం, మరియమ్మ తల్లీ నీకు కూడా, మా మామగారి తరఫున. ఆవిడకి ఒక్కసారిగా నవ్వొచ్చింది. రాత్రి అన్నాల దగ్గర ఈ సంగతి చెప్పుకుని నవ్వుకోవాలి. మావయ్యగారి ఎదురుగా వద్దు, ఆయన వరండాలోకి వెళ్ళాక. లేదా ఎదురుగానే చెప్పినా నవ్వుతారేమో, తొంభై పెట్టినవాడు తాగినవాడే అని మళ్ళీ అంటారేమో. ఆయన వైపు తిరిగి చూసింది. జపమాల చేతిలోనే ఉంది, తల ఒక పక్కకి వాలింది, నోరు కొద్దిగా తెరుచుకుంది. ఎండ పొడ చెవి మీద పడుతోంది. పక్కనున్న తన ఛత్రీ విప్పి ఆయన మీదకి నీడ పట్టింది కృపమ్మ. పాపం, ముసలాయన, చేతనైన సాయం చేశారు. ఈ ఊళ్ళో ఇప్పుడు ఆయన్ని ఏదైనా అడిగేవాళ్ళెవరున్నారు. ఒక్క పుస్తకం చదివి పెట్టమని అడిగితే మొదలూ చివరా చదివారు. చెయ్యి లాగుతున్నా గంట కొట్టేదాకా ఛత్రీ దించలేదు.

గంట కొట్టారు. పిల్లలు బయటికి వచ్చారు, గోల గోలగా, వేళ్ళకి సిరా, ఒకళ్ళ జవాబులు ఒకళ్ళు అడుగుతూ. జోసెఫిన్ అందరికన్నా వెనకాల వచ్చింది. నల్లతొడుగు గుండెకి ఆనించుకుంది. దాని మొహంలో అలసట లేదు, భయం లేదు. ఏదో పెద్దరికం ఉంది, అంతకు ముందు లేనిది. తిన్నగా తల్లి దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"రాసేవా తల్లీ?"

"అన్నీ రాసేనమ్మా. ఒక్కటి కూడా వదల్లేదు." చుట్టూ చూసింది. తాతయ్య ఇంకా కళ్ళు నులుముకుంటున్నారు. తల్లిని చెట్టు అవతలికి లాక్కుపోయింది. "అమ్మా, నీకోటి చెప్తాను. నువ్వు బాధపడకూడదు."

"మిషను సంగతేనా? తెలుసు నాకు. పట్టేసేవు కదా? నే చూస్తూనే ఉన్నాను, నువ్వు ఆగడం, కొట్టెయ్యడం."

"నీకు తెలుసా?" పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. తర్వాత జాలిగా అయ్యాయి. "తెలిసీ మాకు అలాగే చెప్తున్నావా అమ్మా? పోన్లే, సిలబస్సు అలా ఉంటే నువ్వు మాత్రం ఏం చేస్తావు."

"ఏం చెప్పేను?"

"సైన్ ముప్ఫై సగమని." గొంతు ఇంకా తగ్గించింది. "మొదటి లెక్కే అదమ్మా. అలవాటు కొద్దీ సగమని రాసేసేను. ఎందుకైనా మంచిదని నొక్కి చూస్తే పాయింటు నాలుగు అయిదు మూడు తొమ్మిది. ఇంకా వెనకాల అంకెలున్నాయి. మళ్ళీ మళ్ళీ నొక్కేను. కాస్ అరవై కూడా సగం కాదు. టాన్ నలభై అయిదు ఒకటి కాదు. నాకు ఏడుపొచ్చేసింది. చాలాసేపు అలాగే కూర్చున్నాను. తర్వాత ఆలోచించేను. ఫ్రాన్సుది కదా, అది తప్పు చెప్తుందా? సగం, ఒకటి అని అంత గుండ్రంగా ఉంటాయా అసలు, మనకి గుర్తుండాలని అలా చెప్పి ఉంటారు అనుకున్నాను. నువ్వు చెప్పిందంతా కొట్టేసి మిషన్‌ది రాసేను."

ఆ మోచెయ్యి ఆగింది ఇందుకు. తన పిల్ల నిజంగానే చూసింది, ఆలోచించింది, ఏడ్చింది, తల్లినీ మిషన్నీ ఎదురెదురుగా నిలబెట్టి తీర్పు చెప్పింది. కలం విసురుతో కొట్టేసింది తననే. కృపమ్మ నోరు తెరిచింది. తొంభై అనాలో, నూరు అనాలో, తాతయ్య అనాలో తెలియలేదు.

చెట్టు ఇవతలినుంచి లూయిస్‌గారి గొంతు వినబడింది. "ఏవమ్మా పాపా, మిషను సరిగ్గా పనిచేసిందా?"

"చేసింది తాతయ్యా," అంది జోసెఫిన్ గట్టిగా. తర్వాత తల్లి వైపు తిరిగి, కళ్ళలో నీళ్ళు చూసి, తన పైటచెంగుతో తుడవబోయి, అది సిరా మరకలయిందని ఆగి, అరచేత్తోనే తుడిచింది. వీపు మీద చెయ్యి వేసి మెల్లిగా నిమరసాగింది.

"ఊరుకోమ్మా. నీకు చెప్పినవాళ్ళకే తెలీకపోతే నువ్వేం చేస్తావు? నేను ఎవరితోనూ అనన్లే. బళ్ళో పిల్లలకి కూడా చెప్పను."